చలికాలంలో చిన్న కొండ: ఒకే దారిలో ఆరు రకాల మంచు

తెలుగులో మంచు అన్నది ఒకటే మాట. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, ఎదురుగా వచ్చే బండి కనపడకుండా కమ్మేసేదీ మంచే, ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలేదీ మంచే, గాజులా గట్టిపడి కాలు జార్చేదీ మంచే. మామూలు రోజుల్లో దీనివల్ల ఇబ్బందేమీ లేదు. చలికాలంలో కొండ ఎక్కబోయేవాళ్ళకు మాత్రం "దారిలో మంచుంది" అని చెబితే ఏమీ చెప్పనట్టే. ఏ మంచు? ఎంత లోతు? ఎప్పుడు పడింది? పడ్డాక ఎండ తగిలిందా, వాన పడిందా, మళ్ళీ గడ్డకట్టిందా? కాళ్ళకు ఏం తొడుక్కోవాలి, ఎంతసేపు పడుతుంది, ఎక్కడ వెనక్కి తిరగాలి అన్నవన్నీ ఈ జవాబులను బట్టే తేలతాయి.

ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక చిన్న కొండ దారిలో ఒక చలికాలపు రోజు గురించి. దూరం పైకి 4 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 550 మీటర్లు. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నెయ్‌స్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: నడిచే 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే 600 మీటర్లకు ఇంకో గంట. ఆ లెక్కన పోయి రావడానికి రెండున్నర గంటలు చాలు. మంచులో ఆ అంకెను రెట్టింపు చేసుకుంటాను. ఆ రోజు ఐదు గంటల పది నిమిషాలు పట్టింది.

ఎక్కే రోజు వాతావరణం అందరూ చూస్తారు. అంతకన్నా ముందు చూడాల్సింది గడిచిన నాలుగైదు రోజులు. ఈసారి సంగతి ఇది: నాలుగు రోజుల క్రితం పాత మంచు మీద ఇంకో 20 సెంటీమీటర్ల కొత్త మంచు పడింది. శని, ఆదివారాల్లో చాలామంది నడిచి దాన్ని తొక్కేశారు. సోమవారం మధ్యాహ్నం ఉష్ణోగ్రత సున్నా దాటి 3 డిగ్రీలకు పోయింది, కాసేపు చినుకులు పడ్డాయి. ఆ రాత్రి మైనస్ 9కి దిగింది. ఈ వరుస చూస్తే చాలు, కొండ చూడకుండానే సగం తెలిసిపోతుంది. తొక్కిన చోట రాయిలా గట్టిపడి ఉంటుంది, రాళ్ళ మీద గాజు పొర ఉంటుంది, జనం నడవని పక్కల పైన పెంకు, లోపల మెత్తన. ఎండ పడని వైపు మాత్రం పొడి మంచు అలాగే మిగిలి ఉంటుంది.

కొండ కింద పొద్దున మైనస్ 6. పైకి పోయేకొద్దీ సగటున ప్రతి 1000 మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, అంటే 550 మీటర్ల పైన మైనస్ 9, 10 మధ్య. శిఖరం మీద గంటకు 30 కిలోమీటర్ల గాలి ఉంటుందని అంచనా. మైనస్ 10లో ఆ గాలి ఒంటికి మైనస్ 20లా తగులుతుంది. ఏం కట్టుకోవాలన్నది కింద పార్కింగ్‌లో తగిలే చలిని బట్టి కాదు, ఈ మైనస్ 20ని బట్టి తేల్చుకోవాలి. అలాగని అన్నీ మొదటి నుంచే వేసుకుంటే అదే పెద్ద తప్పు.

ఎందుకంటే చలికాలపు కొండ మీద మనిషిని ఎక్కువగా దెబ్బ తీసేది చెమట. నీరు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఎక్కేటప్పుడు తడిసిన చొక్కా, శిఖరం మీద పది నిమిషాలు నిలబడగానే చల్లటి పట్టీలా వీపుకు అంటుకుంటుంది. అందుకని బయలుదేరేటప్పుడు కొంచెం చలి వేయాలి. మొదటి పది నిమిషాలు వణుకు రానంతగా, అయినా హాయిగా లేనంతగా ఉంటే లెక్క సరిపోయినట్టు. ఒంటికి ఆనుకుని పల్చటి ఉన్ని లేదా పాలిస్టర్ చొక్కా, దాని మీద పల్చటి ఫ్లీస్. గాలి ఆపే షెల్ జాకెట్, ఈకలో పాలిస్టరో నింపిన మందపాటి జాకెట్ రెండూ బ్యాగులోనే. నూలు బట్ట ఒంటి మీద ఒక్కటి కూడా వద్దు, బనియన్, మేజోళ్ళతో సహా. నూలు తడి పీల్చుకుని వదలదు. మేజోళ్ళు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసి బూటు బిగిసిపోతే రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. ఒకటే మందపాటి ఉన్ని జత, లోపల వేళ్ళు కదిలేంత ఖాళీ ఉంటే మేలు.

ఎనిమిదిన్నరకు నడక మొదలు. వెనక్కి తిరిగే గడువు అప్పుడే పెట్టుకోవాలి: పన్నెండు గంటలకు ఎక్కడుంటే అక్కడి నుంచి దిగడమే, శిఖరం వంద మీటర్ల దూరంలో ఉన్నా సరే. ఐదుంపావుకు పొద్దు గూకే రోజుల్లో, చెట్ల నీడలో నాలుగున్నరకే చీకటి పడుతుంది.

మొదటి కిలోమీటరు వెడల్పాటి దారి, జనం తొక్కి చదును చేసిన మంచు. మొదటి రకం ఇదే, తొక్కుడు మంచు. చూడ్డానికి మురికి తెలుపు, కాలు పెడితే కరకరమంటుంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ బూటు అడుగుకు ఎంతో కొంత పట్టు ఉన్నట్టే. చప్పుడు ఆగిపోయి బూటు టక్కుమని తగిలితే కింద మంచు పోయి గడ్డ మొదలైందని అర్థం. మైక్రోస్పైక్స్, అంటే బూటు మీద తొడిగే రబ్బరు పట్టీకి గొలుసులతో తగిలించిన చిన్న ఉక్కు ముళ్ళు, ఎప్పుడు తొడగాలన్నదానికి నాకు తెలిసిన మంచి గుర్తు ఇదే. చాలామంది ఒకసారి జారాక తొడుగుతారు. జారే చోట ఒంటికాలి మీద నిలబడి రబ్బరు లాగడం కన్నా, దానికి వంద అడుగుల ముందు చదునుగా ఉన్న చోట మొద్దు మీద కూర్చుని తొడుక్కోవడం ఎంతో తేలిక.

తొడగడంలోనూ పద్ధతి ఉంది. రబ్బరు చలికి బిగుసుకుపోతుంది, అందుకని స్పైక్స్‌ను బ్యాగు అడుగున కాకుండా పైన, వీపుకు దగ్గరగా పెట్టుకోవాలి. ముందు వేళ్ళ భాగం ఎక్కించి, ఆ తర్వాత మడమ వెనక ఉన్న పట్టీని పైకి లాగాలి. లాగాక బూటును తిరగేసి చూడాలి: గొలుసులు మెలి పడకుండా, ముళ్ళన్నీ నేల వైపు, అరికాలి మధ్యకు రావాలి. పది నిమిషాలు నడిచాక మళ్ళీ ఒకసారి చూడాలి, మొదట సర్దుకునేటప్పుడే అవి పక్కకు జరుగుతాయి. కొనేటప్పుడు మామూలు షూ సైజు కాకుండా చలికాలపు బూటు సైజు చూసి కొనాలి. చిన్నదైతే రబ్బరు సాగి, గొలుసు తగిలించే రంధ్రం దగ్గర చిరుగుతుంది. ఇవి పాడయ్యేది దాదాపు ఎప్పుడూ ఆ రంధ్రం దగ్గరే. రబ్బరులో గుండ్రంగా మందం కట్టిన ఆ చిన్న కన్ను చుట్టూ వెంట్రుకంత తెల్లటి చీలిక కనపడితే ఇక ఆ జతను నమ్మలేం. బ్యాగులో నాలుగు గట్టి నైలాన్ జిప్ టైలు (లాగి బిగించే సన్నటి పట్టీలు), ఒక పొడవాటి పట్టీ ఉంటే తెగిన గొలుసును కట్టుకుని దిగిరావచ్చు.

కిలోమీటరు దాటాక ఊట. వేసవిలో దారికి అడ్డంగా బూటు అడుగు కూడా తడవనంత నీరు పారుతుంది. చలికాలంలో ఆ నీరు ఆగకుండా వస్తూ, పొర మీద పొర గడ్డకట్టి, దారి వాలునంతా కప్పేసి ఏనుగు వీపులా ఉబ్బుతుంది. ఇది రెండో రకం, ఊటగడ్డ. ఇక్కడ రంగు చూడాలి. తెల్లగా, బుడగలతో ఉన్నది లోపల గాలి ఉన్న గడ్డ, ముల్లు దిగుతుంది. నీలంగా, నల్లగా, లోపలి ఆకు కనపడేంత తేటగా ఉన్నది గట్టి గడ్డ. సెంటీమీటరు పొడవున్న ముల్లు దాని మీద గీత గీసి ఊరుకుంటుంది. ఆ రోజు అంచున వంగి చూస్తే తేట గడ్డ కింద నీరు ఇంకా పారుతోంది; నల్లటి చుక్కలు ఒకదాన్నొకటి తరుముతున్నట్టు జారిపోతున్నాయి. అలా నీరు కదులుతున్న చోట పైపొర ఎంత మందమో చెప్పలేం. పోల్‌తో (నడకకు ఊతంగా పట్టుకునే చేతికర్రతో) గట్టిగా పొడిచి చూడాలి. బోలు చప్పుడు వస్తే అక్కడ కాలు పెట్టకూడదు. లోతు చీలమండ దాకానే కావచ్చు, కానీ మైనస్ 6లో తడిసిన బూటుతో ఆ రోజు నడక అక్కడితో సరి. వాలు పైవైపు నుంచి, చెట్ల వేళ్ళు, రాళ్ళు పైకి తేలిన చోటు చూసుకుని దాటాలి. కిందివైపు నుంచి చుట్టి రావడం తేలికనిపిస్తుంది గానీ, పైన ఉన్నవాళ్ళు ఎవరైనా జారితే వచ్చి పడేది అక్కడికే.

తర్వాతి కిలోమీటరున్నర సన్నటి కాలిబాట, మూడో రకం. మధ్యలో అడుగు వెడల్పున గట్టి కట్ట, రెండు పక్కలా తొక్కని మంచు. కట్ట మీద నడిచినంతసేపూ హాయి. ఒక్క అడుగు పక్కకు పడితే తొడ దాకా దిగబడతారు. ఎదురుగా దిగేవాళ్ళకు దారి ఇవ్వాల్సి వస్తే, ముందు పోల్ గుచ్చి లోతు చూసి, పక్క మంచును బూటుతో రెండు మూడుసార్లు తొక్కి గట్టిచేసుకుని అప్పుడు నిలబడాలి.

ఈ కట్టను జాగ్రత్తగా కాపాడుకోవాలని నేను గట్టిగా అనుకుంటాను. మంచు మెత్తగా ఉన్న రోజు స్నోషూలు (దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) లేకుండా వచ్చి మోకాలి లోతు గుంతలు చేసుకుంటూ పోతే, ఆ రాత్రి అవి గడ్డకడతాయి. మర్నాటి నుంచి వచ్చే ప్రతివాళ్ళ చీలమండకూ అవి బోనులే. పైన కొత్త మంచు పడి గుంత కనపడకపోతే ఇంకా ప్రమాదం. నేను పాటించే కొలత ఇది: అడుగు వేస్తే 20 సెంటీమీటర్ల కన్నా లోతుకు దిగుతుంటే స్నోషూలు తొడగాలి. అవి వెంట లేకపోతే వెనక్కి తిరగాలి. అలసట కోణంలో చూసినా అదే లాభం. దిగబడిన కాలును ప్రతిసారీ పైకి లాగుతూ నడిస్తే అరకిలోమీటరుకే తొడలు పట్టేస్తాయి, చెమటతో చొక్కా తడిసిపోతుంది.

పోల్స్‌కు మంచు కోసం చేసిన వెడల్పాటి చక్రాలు బిగించాలి, వేసవి చక్రాలతో పోల్ పిడి దాకా దిగిపోతుంది. మెలితిప్పి బిగించే రకం పోల్ లోపల తేమ గడ్డకడితే పట్టు వదిలి ఒక్కసారిగా కుదించుకుపోతుంది. బయట మీట ఉన్నవి నమ్మకం.

రెండున్నర కిలోమీటర్ల దగ్గర దారి కొండకు ఉత్తరం వైపు తిరుగుతుంది. ఉత్తరార్ధగోళంలో చలికాలపు ఎండ ఆ వైపు దాదాపు పడదు. ఇక్కడ నాలుగో రకం, నాలుగు రోజులైనా పొడిగానే ఉన్న మంచు, పిండిలా జారిపోయేది. నడవడం కష్టం కాదు, దారి పోల్చుకోవడమే కష్టం. చెట్ల మీద వేసిన రంగు గుర్తులు గాలికి అంటుకున్న మంచుతో తెల్లబడిపోతాయి, దారి గుర్తుగా నేల మీద పేర్చిన రాళ్ళ గుట్టలు కప్పబడిపోతాయి. వేరే ఎవరివో అడుగులు కనిపిస్తే వాటి వెంటే పోవడం అందరూ చేసేదే. ఆ అడుగులు వేసినవాళ్ళు దారి తప్పి ఉండొచ్చని కూడా అనుకోవాలి. ప్రతి పది నిమిషాలకూ ఫోన్‌లోని మ్యాప్‌తో సరిచూసుకోవడం, మలుపు దగ్గర వెనక్కి తిరిగి దిగేటప్పుడు ఎలా కనిపిస్తుందో చూసి గుర్తుపెట్టుకోవడం, ఈ రెండూ చేస్తే చాలు. ఫోన్ చలికి చచ్చిపోతుంది. 60 శాతం చార్జి చూపిస్తున్నది కూడా బయటి జేబులో పెడితే ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. లోపలి చొక్కా జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి. హెడ్‌ల్యాంప్‌కు మామూలు ఆల్కలైన్ సెల్స్ బదులు లిథియం సెల్స్ వేస్తే మైనస్ 40లో కూడా పనిచేస్తాయి.

నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గొట్టం ఉన్న నీళ్ళ సంచి ఈ చలికి అరగంటలో మూసుకుపోతుంది. వెడల్పు మూతి సీసాలో వేడి నీళ్ళు పోసి, మేజోడు తొడిగి, తలకిందులుగా పెట్టాలి. నీరు పైనుంచి గడ్డకడుతుంది. సీసా తలకిందులుగా ఉంటే గడ్డ అడుగు వైపు చేరి, మూత తెరుచుకుంటుంది. నీళ్ళు అయిపోయాయని మంచు తినకూడదు. కిలో మంచు కరగడానికే 80 కిలోకేలరీలు కావాలి, అవి ఇచ్చేది ఒళ్ళే. తిండికి గింజలు, చాక్లెట్ లాంటివి. గట్టిపడే బార్‌లను ముందే ముక్కలు చేసి పెట్టుకుంటే పళ్ళకు మంచిది.

ఇక చివరి నిటారు ముక్క, ఎక్కువమంది వెనక్కి తిరిగే చోటు. 300 మీటర్ల దూరంలో 100 మీటర్ల పైనే ఎక్కాలి, అంతా బండరాళ్ళు. సోమవారం చినుకులు రాళ్ళ మీద కాగితమంత పల్చటి గాజు పొరగా గడ్డకట్టాయి. ఐదో రకం ఇదే. నా లెక్కలో అన్నిటికన్నా చెడ్డది కూడా ఇదే, ఎందుకంటే దీనికి సరైన సామాను లేదు. స్పైక్స్ లేకపోతే జారుడే. ఉంటే, ముల్లు పొరను పగలగొట్టి కింది రాయికి తగిలి గీరుకుంటుంది. ఇక్కడ పనికొచ్చేది ఒకటే: పొర పట్టని చోట్లు వెతుక్కోవడం. రాయి పక్కన పేరుకున్న మంచు, గడ్డి దుబ్బు, చెట్టు మొదలు, ఇలా ఒక్కో అడుగూ ఎంచుకుంటూ ఎక్కాలి. చేతులు వాడాలి. బరువు వేసే ముందు కాలితో ఒకసారి నొక్కి చూడాలి. ఎక్కే ప్రతి పది అడుగులకూ "ఇది దిగగలనా" అని ఆగి మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. ఎక్కినంత తేలికగా దిగలేం.

గాజు పొర కాకుండా ఇలాంటి నిటారు వాలు అంతా మందమైన గట్టి గడ్డ కట్టేసి, జారితే ఆగే చోటు లేకుండా ఉంటే, అది మైక్రోస్పైక్స్ హద్దు దాటిపోయినట్టు. అక్కడ క్రాంపాన్లు (బూటుకు బిగించే పొడవాటి ముళ్ళ ఉక్కు చట్రాలు), ఐస్ యాక్స్ (మంచులో గుచ్చి పట్టుకునే చిన్న గొడ్డలి), వాటిని వాడే సాధన మూడూ కావాలి. మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా తిరిగి రావాలి. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండి, చెట్లు లేకుండా, పైన కొత్త మంచు పేరుకుని ఉంటే మంచు చరియలు జారే ప్రమాదం కూడా ఉంటుంది. చిన్న కొండ అని అది మినహాయింపు ఇవ్వదు. శిఖరం కింద లోతైన గాడి ఒక్కటి చాలు.

చెట్లు అయిపోయే చోటికి పది అడుగుల ముందే ఆగి షెల్ జాకెట్, మందపాటి చేతితొడుగులు వేసుకోవాలి. గాలిలోకి వెళ్ళాక వేసుకుందామంటే జాకెట్ జెండాలా కొట్టుకుంటుంది, జిప్పు పట్టుకోవడానికి తీసిన వేళ్ళు రెండు నిమిషాల్లో మొద్దుబారతాయి. లోపల పల్చటి ఉన్ని తొడుగు, పైన నాలుగు వేళ్ళూ కలిసి ఉండే మిట్టెన్, బ్యాగులో ఇంకో పొడి జత. పైన ఆరో రకం: గాలి మోసుకొచ్చి పేర్చి, మెరుగు పెట్టినట్టు బిగించిన పెంకు. రెండు అడుగులు ఆగుతుంది, మూడోది విరిగి దిగబడుతుంది. అంచుల్లో ఈ పెంకు కింద నేల ఉండకపోవచ్చు. అందుకే లోయ వైపు అంచుకు కొన్ని మీటర్లు ఎడంగా, రాయి కనిపిస్తున్న చోటే నడవాలి.

పదకొండూ ఇరవైకి శిఖరం. పది, పదిహేను నిమిషాలకు మించి వద్దు. ఆగగానే బ్యాగులోని మందపాటి జాకెట్ అన్నిటి మీదా వేసుకోవాలి, చలి వేసేదాకా చూడకూడదు. తోటివాళ్ళ ముఖాలు ఒకసారి చూసుకోవాలి. ముక్కు కొన, చెవి తమ్మె, బుగ్గ మీద మైనంలా పాలిపోయిన మచ్చ కనపడితే చర్మం గడ్డకట్టడం మొదలైనట్టు. మన చామనచాయలో అది తెల్లగా కన్నా బూడిద రంగులో కనిపిస్తుంది. వెచ్చటి అరచేతితో కప్పి ఉంచాలి, రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. ఇంకోటి, మాట ముద్దగా రావడం, కాళ్ళు తడబడటం, జిప్పు కూడా వేసుకోలేకపోవడం, ఊరికే విసుక్కోవడం. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల వైపు జారుతోందనడానికి ఇవి గుర్తులు. తడి బట్ట మార్చి, వేడిగా తీపిగా ఏదైనా తాగించి, వెంటనే దిగాలి. వణికేవాళ్ళు వణుకు ఆపేసి ఒంట్లో బాగానే ఉందంటే అది ఇంకా ప్రమాదం.

దిగేటప్పుడే ఎక్కువమంది పడతారు. భయంతో వెనక్కి వాలతాం, బరువంతా మడమ మీద పడుతుంది, పదీ పన్నెండు ముళ్ళలో రెండు మూడే నేలకు తగులుతాయి, కాలు ముందుకు పోతుంది. చేయాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు: మోకాళ్ళు కొంచెం వంచి, ఒళ్ళు కాళ్ళ మీదికి తెచ్చి, పాదం మొత్తం చదునుగా పెట్టి, చిన్న చిన్న అడుగులు వేయాలి. మరీ నిటారుగా ఉంటే పక్కకు తిరిగి దిగాలి. వాలు చూసి కూర్చుని జారదామనిపిస్తుంది. కాళ్ళకు స్పైక్స్ ఉండగా ఆ పని ఎప్పుడూ చేయకూడదు. ఒక ముల్లు గడ్డలో దిగినా కాలు అక్కడే ఆగిపోతుంది, ఒళ్ళు ఆగదు. చీలమండలు విరిగేది అలాగే.

మధ్యాహ్నానికి ఎండ వైపు మంచు తడిబారింది. తడి మంచు చల్లటి ఉక్కుకు అంటుకుని, నాలుగు అడుగుల్లో బూటు కింద ముద్ద కడుతుంది. ముళ్ళు ముద్దలో మునిగిపోతాయి, ఎత్తు మడమల చెప్పులతో నడిచినట్టుంటుంది. ప్రతి పది అడుగులకూ బూటు పక్కన పోల్‌తో ఒక దెబ్బ వేస్తే ముద్ద రాలిపోతుంది.

ఒంటిగంటా నలభైకి కింద. స్పైక్స్ పార్కింగ్ కనపడగానే తీసేయకూడదు. బండ్ల చక్రాలు నున్నగా చేసిన చివరి 50 మీటర్లే ఆ రోజు అన్నిటికన్నా జారుడు చోటు, బండి తలుపు పట్టుకున్నాకే తీయాలి. ఇంటికి రాగానే స్పైక్స్ మామూలు నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టకుండా వేలాడదీయాలి. తడితో మూటగడితే రెండు రోజుల్లో గొలుసు తుప్పు పడుతుంది. బూట్ల లోపలి అట్టలు బయటకు తీసి, లోపల పాత వార్తాపత్రిక నలిపి కూరి, గంటకోసారి మార్చాలి. హీటర్ పక్కన పెడితే అడుగు జిగురు ఊడిపోతుంది. ఆరాక, రబ్బరులో ఆ గొలుసు కన్నులను ఒక్కొక్కటీ వేలితో సాగదీసి వెలుతురులో చూడాలి, రెండు పాదాలవీ.